పాపకి నచ్చిన ఇల్లు

ఆదివారం వస్తే మల్లేశు, ప్రేమకుమారి పాపని వెంటబెట్టుకుని ఇళ్లు చూడ్డానికి బయల్దేరేవారు. మల్లేశు కార్పొరేషన్‌లో నీళ్ల లారీ నడుపుతాడు. తాత కాలం నుంచీ ఉంటున్న క్వార్టర్లు కూలగొడతారని నోటీసు వచ్చింది.

ఇల్లు చూడ్డంలో ఎవరి పని వాళ్లకుండేది. మల్లేశు కుళాయిలు తిప్పి, గోడలకి అరచెయ్యి ఆనించి చెమ్మ చూసేవాడు. ప్రేమకుమారి వంటగది కిటికీ తెరిచి గాలి చూసేది. పాప మాత్రం గుమ్మంలోనే నిలబడి లోపలికి తొంగిచూసి, తల అడ్డంగా ఊపేది. అంతే, ముగ్గురూ మెట్లు దిగేసేవారు.

పాప జ్వరమొచ్చి పోయి నాలుగేళ్లయింది. కాటికి తీసుకెళ్లొచ్చిన మర్నాడే తిరిగొచ్చేసింది, అదే పసుపు గౌనుతో. క్వార్టర్లలో ఎవరూ వింతగా చూడలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు జరిపి దారిచ్చేవారు. రాత్రుళ్లు అమ్మానాన్నల మధ్య పడుకునేది. దాని ఒళ్లు మంచులా ఉండేది. ప్రేమకుమారి ఎండాకాలం కూడా దుప్పటి కప్పుకునేది, కానీ ఒక్కనాడూ పక్కకి జరగలేదు.

ఆ ఆదివారం బెంగాలీ బ్రోకరు బిమల్‌దా ఖిదిర్‌పూర్‌లో ఒక పాత మేడకి తీసుకెళ్లాడు. అమ్మకానికున్నది పై అంతస్తు. చూడ్డానికి చాలామంది వస్తున్నారు. మొదటి అంతస్తు దాటుతుంటే ఓ తలుపు బార్లా తీసుంది. పాప తల్లి చెయ్యి వదిలేసి అందులోకి వెళ్లిపోయింది.

"అమ్మా, ఈ ఇల్లు బాగుంది!"

"అది అమ్మేది కాదు బౌది, మనది పైది" అన్నాడు బిమల్‌దా. ప్రేమకుమారిని వదిన వరసన అలా పిలిచేవాడు.

లోపల కిటికీ పక్కన తెల్లచీర ముసలావిడ చేట ఒళ్లో పెట్టుకుని బియ్యంలో రాళ్లేరుతోంది. ఇంటావిడ వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మా అత్తగారు. పోయి చాన్నాళ్లయింది. అప్పట్నుంచీ అలాగే, ఎవరితోనూ మాట్లాడరు" అంది బెంగాలీలో.

ముసలావిడ తలెత్తి పాపని చూసింది. కొంచెం జరిగి పక్కన చోటిచ్చింది. ఏదో చిన్నగా చెప్పడం మొదలుపెట్టింది, కథలాగుంది. పాప ఊఁ కొడుతూ రాళ్లేరసాగింది. ఇంటావిడ గోడకి చేరగిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"రాయే, ఎలిపోదాం" అంది ప్రేమకుమారి.

"నువ్వెల్లమ్మా. నానిక్కడ ఉంతాను."

"దీన్నే కొనేద్దాం. అడుగు దాదా, ఎంతకిస్తారో" అన్నాడు మల్లేశు.

ఇంటావిడ మెల్లిగా తల అడ్డంగా ఊపింది. "మేమెక్కడికి పోతాం అన్నా? పిల్లని ఉండనివ్వండి. మీరెప్పుడొచ్చినా తలుపు తీసే ఉంటుంది."

ప్రేమకుమారి వంగి కూతురి చెయ్యి పట్టుకుంది. లాక్కుపోవాలనే పట్టుకుంది. ఆ చెయ్యి గోరువెచ్చగా తగిలింది. బతికున్నప్పుడు ఎండలో ఆడుకునొచ్చిన పాప చెయ్యి ఎలా ఉండేదో అలాగే ఉంది. కాసేపు పట్టుకునే ఉండి, వదిలేసింది.

"అల్లరి సెయ్యకే. మామ్మ మాట ఇను."

పాప తలెత్తలేదు. కథ మంచి పట్టులో ఉన్నట్టుంది.

బయటికొచ్చాక బిమల్‌దా పై అంతస్తు వైపు చెయ్యి చూపించాడు. ఇద్దరూ అటు చూడకుండా కిందకి దిగారు. సగం మెట్లు దిగేసరికి మల్లేశు గోడ పట్టుకుని ఆగిపోయాడు.

"ఏటయ్యింది?" అంది ప్రేమకుమారి.

"పాప నేదే" అన్నాడు. "మన పాప ఎలిపోనాదే."

నాలుగేళ్లలో ఆ మాట వాళ్లింట్లో ఎవరూ అనలేదు. బిడ్డ ఎదురుగా ఆడుకుంటుంటే ఎలా అంటారు? ప్రేమకుమారి మెట్టు మీద కూలబడి, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ గట్టిగా, సిగ్గు విడిచి, పాప పోయినరోజు ఏడ్చినట్టు ఏడ్చారు.

ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లు గొంతులు తగ్గించుకుని, చెప్పుల చప్పుడు కాకుండా, ఒక్కొక్కరే వాళ్లని తప్పుకుంటూ పైకెళ్లారు.