నెలకోసారి వీపు

ఆ టైలరుకూ భార్యకూ ఉప్పూ నిప్పూ. షాపులో ఆయన గుడ్డ కత్తిరిస్తాడు, ఆమె కుడుతుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆయన వీపు మీద నల్లమచ్చ పెరుగుతోంది, డాక్టరుకు చూపించమని ఏడాది పాటు ఆమె జోరీగలా పోరింది. నా వీపుతో నీకేం పనే పొమ్మన్నాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడు కదా! తీరా చూస్తే అది మెలనోమా, చర్మానికొచ్చే క్యాన్సర్లలో చెడ్డది. కోసి తీసేశారు.

అంతటితో అయిపోలేదు. మచ్చ లోతుకు దిగింది కాబట్టి మళ్లీ రావచ్చని, తొందరగా పట్టుకుంటే వైద్యం ఉందని డాక్టరు చెప్పాడు. మూడు నెలలకోసారి తన దగ్గరికి రావాలి; నెలకోసారి ఇంట్లో ఎవరైనా వీపంతా చూడాలి, గడ్డలేమైనా తగులుతాయేమోనని చంకలు తడమాలి. ఇంట్లో ఎవరైనా అంటే ఇంకెవరున్నారు? పిల్లలు లేరు. ఖర్మ కాకపోతే, తనను చూస్తేనే మండిపడే మనిషికి వీపప్పగించాలి.

నెల మొదటి ఆదివారం షాపు మూసి, కుట్టుమిషను దీపం కింద ఆయన్ని చొక్కా విప్పించి కూర్చోబెడుతుంది. గుడ్డలో లోపం వెతికినట్టే వెతుకుతుంది, వేళ్లతో, కసిగా. వేళ్లకన్నా నోరే ఎక్కువ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న మొగుడనీ, అప్పుడే తన మాట వింటే వీపున ఈ గొయ్యి ఉండేది కాదనీ, గాటు చుట్టూ నొక్కినంతసేపూ పుండు మీద కారం చల్లుతుంది. చివర్లో, "ఏం లేదు, పో. నీలాంటివాడికి అంత తొందరగా ఏమీ రాదు" అని చొక్కా ఒళ్లోకి విసురుతుంది. దీనికింత పొగరేమిటని ఆయన పళ్లు నూరుకుంటూ తొడుక్కుంటాడు.

ఈ ఆదివారమూ మెడ దగ్గర్నుంచి తిడుతూనే దిగింది. గాటు దాటింది. ఎడమ చంక దగ్గరికొచ్చేసరికి తిట్టు మధ్యలో ఆగింది. వేలు ఒక్కచోటే తిరిగింది, మళ్లీ తిరిగింది.

"ఏంటి?" అన్నాడు.

"ఏం లేదు."

గొంతు మెత్తగా ఉంది. పెళ్లయిన కొత్తలో విన్న గొంతు. చొక్కా విసరలేదు. తనే చేతులు దూర్చి, ముందుకొచ్చి గుండీలు పెట్టసాగింది. మొహం మాత్రం ఎత్తలేదు.

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"తిట్టవే," అన్నాడు. "ఒక్క మాట తిట్టు."

ఆమె చెయ్యి విడిపించుకుంది. ఆఖరి గుండీ పెట్టాక, "రేపు షాపు తియ్యొద్దు. పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదాం" అంది. కసురుకోకుండానే అంది.