హాల్‌స్టెర్న్ పేరు, రెజీనా వేలు

ఉమ్ సలాల్ తోటలు దాటాక వచ్చే ఆ షూటింగ్ క్లబ్బులో ఒక నియమం ఉంది. కొత్త తుపాకీ ఏది వచ్చినా ముందు కాల్పుల చోటు చూసుకునే రేంజ్ ఆఫీసర్ పేల్చి చూడాలి, ఆ తరవాతే అది మెంబర్ల చేతికి వెళ్ళాలి. ఆ రేంజ్ ఆఫీసర్ రెజీనా. కైకలూరు మనిషి. మహిళా బెటాలియన్‌లో ఏళ్ళ తరబడి తుపాకీ మోసి, అక్కడ మానేసి దోహా వచ్చింది. ఆడవాళ్ళు తుపాకీ నేర్చుకునే చోట నేర్పేది కూడా ఆడదే కావాలి గనక ఉద్యోగం దొరికింది. దొరకడం వరకే అదృష్టం, నిలబెట్టుకున్నది మాత్రం ఆమే.

ఆ మంగళవారం పొద్దున్న బల్ల మీద రెండు బ్యాటిల్ రైఫిళ్ళు పెట్టారు. రెండూ ఒకే సైజు తూటా వాడేవే. రెండూ ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్కటే పేల్చి, తరవాతి తూటా తామే ఎక్కించుకునేవే. తేడా అంతా పేరులో ఉంది. ఒకటి హాల్‌స్టెర్న్. తాతల కాలం నుంచీ తుపాకులు చేస్తున్న కంపెనీ. ఆ పేరు వింటే జన్మలో తుపాకీ ముట్టని వాళ్ళు కూడా భక్తిగా తలూపుతారు. రెండోది కొర్వా. నిన్నగాక మొన్న పుట్టిన కంపెనీ. చూడ్డానికి బోరింగు పంపు హ్యాండిల్‌కి బెల్టు కట్టినట్టుంది. దాని ఏజెంటు పెట్టె గేటు దగ్గర పడేసి వెళ్ళిపోయాడు. హాల్‌స్టెర్న్‌కి మాత్రం దాని సేల్స్ మనిషి అతీఖ్ స్వయంగా ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. బోధన్ వాడు, మాట తియ్యన.

"మేడం, ఈ రెండిట్ని ఒక్క టేబుల్ మీద పెట్టుడే గల్తీ. హాల్‌స్టెర్న్ ముంగట ఇదేంది?" అన్నాడు కొర్వా వంక చూసి.

"పేల్చాక చెప్తాను భాయ్" అంది రెజీనా.

ముందు కొర్వా ఎత్తింది. బరువు. భుజం మీద గేదె కుమ్మినట్టు తన్నింది. గాలికి ఇసుక లేస్తోంది; ఒకసారి ఇరుక్కుంది, దులిపితే తేరుకుంది. గుండ్లు మాత్రం చెప్పిన చోటికే పోయాయి. తరవాత హాల్‌స్టెర్న్. తేలిక, నెమ్మది, ముద్దొచ్చే పనితనం. మొదటి మ్యాగజైన్‌లో తూటాలన్నీ అయ్యేసరికి టార్గెట్ కాగితం మధ్యలో అన్నిటికీ కలిపి ఒకే చిల్లు పడింది. రెజీనాకి నిజంగానే మనసైంది ఆ తుపాకీ మీద.

రెండో మ్యాగజైన్ పెట్టింది. గొట్టం ఎదురుగా ఉన్న ఇసుక గట్టు వైపు వంచి, చూపుడు వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పక్కకి చాపి, వెనక్కి లాగిన బోల్ట్ వదిలింది. బోల్ట్ వదిలితే తూటా లోపలికెక్కాలి, అంతే. ఎక్కడంతోనే పేలింది. ఇసుక లేచి మొహాన పడింది.

 చేతులు వాటి పని అవి చేసుకున్నాయి. మ్యాగజైన్ తీసి, తుపాకీ ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, స్తంభానికి పసుపు జెండా ఎక్కించింది. ఆ క్లబ్బులో పసుపు జెండా ఎక్కిందంటే, రేంజ్ ఆఫీసర్ సరేననేదాకా తుపాకులన్నీ బల్ల మీద, చేతులన్నీ వెనక్కి. ఎక్కించినవాళ్ళే దించాలి, ఓనరొచ్చినా సరే.

మేనేజర్ సుధాకరరావు ఏసీ గదిలోంచి పరుగున వచ్చాడు. హాల్‌స్టెర్న్ ఆర్డర్ ఖాయమని పైవాళ్ళకి ముందే మాట ఇచ్చేసిన మనిషి.

"ఏవిటమ్మా ఇది? సాయంత్రం లేడీస్ బ్యాచ్ వస్తోంది. ఆ తుపాకీ కోసమే వస్తున్నారు వాళ్ళు!"

"అందుకే ఎక్కించాను సార్. వేలు పెట్టకుండా పేలింది. ఇది ఆ పిల్లల చేతుల్లో పెట్టను."

అతీఖ్ నవ్వాడు. తనే చేసి చూపిస్తానన్నాడు. సరేనంది రెజీనా, పక్కనే నిలబడి గొట్టం ఇసుక వైపే ఉండేట్టు చూసుకుంది. తూటా పెట్టాడు, బోల్ట్ వదిలాడు. పేలలేదు. మళ్ళీ వదిలాడు. పేలలేదు. ఇంకోసారి. లేదు. తుపాకీ ఖాళీ చేసి, చేతులు దులుపుకుని, "చూసిన్రా?" అన్నాడు.

సుధాకరరావు గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిందంటే బేరం మొదలైందని అర్థం. "వేలు జారిందని ఒక్క ముక్క చెప్పు రెజీనా. నిన్నెవరూ ఏమీ అనరు. నీ ఉద్యోగానికి నాది పూచీ."

"జారలేదు సార్."

"జారిందనుకో."

"అనుకోను సార్."

"అంత పెద్ద కంపెనీ అబద్ధమా, నువ్వు నిజమా? ఎవరు నమ్ముతారమ్మా?"

భయం వెయ్యలేదా అంటే వేసింది. ఉద్యోగం పోతే వీసా పోతుంది, ఉమ్ ఘువైలినాలో గది పోతుంది. కానీ భయం కన్నా మంట ఎక్కువైంది. అన్నేళ్ళలో ఆమె చేతిలో చెప్పకుండా పేలిన తూటా ఒక్కటి లేదు. అదీ ఒక పేరే. బ్రోచర్లో అచ్చెయ్యలేదని అది పేరు కాకుండా పోతుందా?

"వాళ్ళ పేరు చెడకూడదని నా పేరు చెడగొట్టుకోమంటున్నారు. చెడగొట్టుకోను" అంది. తరవాత అతీఖ్ వైపు తిరిగింది. "తప్పు నా వేలిదే అయితే తుపాకీది ఏ తప్పూ లేనట్టేగా భాయ్? మీరు వెళ్ళి ఆ టార్గెట్ ముందు నిలబడండి. నేను మళ్ళీ లోడ్ చేసి, వేలు బయట పెట్టి బోల్ట్ వదులుతాను. వదలనులెండి, నా రేంజ్‌లో అలాంటివి జరగవు. కానీ మీరు అక్కడిదాకా నడిచి వెళ్తే చాలు. వేలు జారిందని రాసిచ్చేస్తాను."

అతీఖ్ మొహంలో నవ్వు పోయింది. "మజాకా చేస్తున్నరా? తూటా ఉన్న గన్ ముంగట ఎవడన్నా నిలబడ్తడా? ఏ కంపెనీదైతేంది?"

"నేనూ అదేగా అంటున్నాను. ఏ కంపెనీదైతేనేం?"

 అక్కడితో వదిలేసినా సుధాకరరావు పరువు దక్కేది. కానీ వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు పాపం. టార్గెట్లకి కాగితాలు అంటించే జగిత్యాల నర్సింగ్ జిగురు బకెట్టుతో పక్కన నిలబడి ఉన్నాడు.

"ఒరే నర్సింగ్! రోజూ అక్కడికి వెళ్ళేవాడివే కదరా. పోయి ఒక్క నిమిషం నిలబడు. ఈవిడ సరదా తీరుతుంది" అన్నాడు నవ్వుతూ.

 నర్సింగ్ బకెట్టు కింద పెట్టాడు. లేబర్ క్యాంపులోనూ కట్టుబడి సైట్లలోనూ ఇన్నేళ్ళుగా ఎవరేం చెప్పినా "సరే సార్" అన్న మనిషి. తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుని మేనేజర్ మొహంలోకి సూటిగా చూశాడు.

"నేను నిలబడ సార్."

"ఏంటీ?"

"ఇస్త్రీ అంగి ఏసుకున్న సారు నిలబడని తాన నేనెందుకు నిలబడ్త? మీకు అంత నమ్మకముంటె మీరే పోయి నిలబడుండ్రి. నేను ఈడికెళ్ళి చూస్త."

సుధాకరరావు మొహం కందగడ్డ అయింది. అరవబోయాడు గానీ, ఏమని అరవాలో తోచలేదు. నిలబడమని ఇంకోసారి అనలేడు. తను నిలబడతానని అసలే అనలేడు. అతీఖ్ వంక చూశాడు, ఏదో ఒకటి చెప్పవయ్యా అన్నట్టు.

అతీఖ్ మాత్రం నర్సింగ్‌నే చూస్తున్నాడు. ఆ చూపులో సేల్స్ మనిషి లేడు, బోధన్ నుంచి పొట్ట చేతపట్టుకొచ్చినవాడు ఉన్నాడు. హాల్‌స్టెర్న్‌ని పెట్టెలో పెట్టి, తాళాలు వేశాడు.

"వదిలెయ్యుండ్రి సార్. దీన్ని సాయంత్రానికి పెట్టొద్దు. నేనే కంపెనీకి ఫోన్ చేస్త" అన్నాడు.

పెట్టె కారెక్కి గేటు దాటాక గానీ రెజీనా జెండా దించలేదు. సుధాకరరావు అప్పటికి మాటలు కూడదీసుకున్నాడు.

"రేపటి నుంచి నువ్వు డ్యూటీకి రానక్కర్లేదు. ఆ నర్సింగ్ గాడు కూడా."

"రేపటి సంగతి ఓనరు మేడం గారితో మాట్లాడుకుంటాను సార్. జరిగింది జరిగినట్టు చెప్తాను, నర్సింగ్‌ని ఎక్కడ నిలబెట్టబోయారో అది కూడా. ఇవాళ డ్యూటీ నాదే."

సాయంత్రం ఆడవాళ్ళు వచ్చారు, నల్లటి అబాయాల మీద చెవులకి చప్పుడాపే మఫ్‌లు పెట్టుకుని. మొదటి అమ్మాయి బల్ల మీద కొర్వాని చూసి ముక్కు విరిచింది. హాల్‌స్టెర్న్ ఏదని అడిగింది. మంచి పేరున్నది ఇస్తామన్నారుగా అంది.

రెజీనా కొర్వా తీసి, ఖాళీగా ఉందని ఆ పిల్లకి చూపించి, చేతిలో పెట్టింది. గొట్టాన్ని ఇసుక వైపు తిప్పింది. ఆ లేత వేలు పట్టుకుని ట్రిగ్గర్‌కి దూరంగా చాపింది.

"పేరు తరవాత చదువుకుందువు గాని" అంది. "ముందు నీ వేలెక్కడుందో నాకు చెప్పు."