జవాబు తెలిసిన ప్రశ్న

మా అమ్మాయి ఇంట్లో ఒక నియమం ఉంది. జవాబు తెలిసిన ప్రశ్న ఎవరూ ఎవరినీ అడగకూడదు. పిల్లవాణ్ణయితే అసలే అడగకూడదు. నేనేమో మూడో తరగతి టీచరుగా రిటైరైన మనిషిని. జవాబు తెలిసిన ప్రశ్నలు అడిగే కదా ఇన్నేళ్ళూ జీతం తీసుకున్నాను. మావారు పోయాక మా అమ్మాయి మారెన్ నన్ను తనుండే వెర్మాంట్ రాష్ట్రానికి వచ్చి తనతోనే ఉండమంది. పిలిచినప్పుడే ఈ సంగతి తేల్చి చెప్పింది.

"ఉండమ్మా. వంట చెయ్యి, తిట్టు, నీ ఇష్టం వచ్చింది చెయ్యి. వాడికి పరీక్షలు మాత్రం పెట్టకు."

నాకు ఒళ్ళు మండింది. కానీ కూతురింటికి వచ్చిన మొదటి రోజే గొడవెందుకని ఊరుకున్నాను. అలవాటు మాత్రం ఊరుకోదు కదా. మర్నాడు పొద్దున మనవడికి స్వెట్టరు తొడుగుతూ, "ఇదేం రంగు నాన్నా?" అని అడిగేశాను. ఆన్సెల్‌కి అప్పుడు మూడేళ్ళు. వాడు నా మొహంలోకి జాలిగా చూశాడు. నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి, వెలుతురులోకి తీసుకెళ్ళి, "ఎరుపు" అన్నాడు. తరవాత వంటింట్లోకి వెళ్ళి, అమ్మమ్మకి కళ్ళు సరిగ్గా కనబడటం లేదని వాళ్ళమ్మతో చెప్పాడు. ఆ వారమంతా నేనడక్కుండానే ఇది నీలం అమ్మమ్మా, ఇది పచ్చ అమ్మమ్మా అని నాకు చూపిస్తూ తిరిగాడు. మారెన్, అల్లుడు జోనాస్ భోజనాల దగ్గర ఆ మాట తలుచుకుని తలుచుకుని నవ్వారు. నేను కూడా నవ్వాను, కాస్త ఆలస్యంగా.

వాడు బడికి వెళ్ళడు. ఇంట్లో బడి పెట్టుకునే వాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. గంట కొడతారు, టైంటేబులు గోడకి అంటిస్తారు, తల్లే టీచరు. వీళ్ళది అదీ కాదు. పుస్తకం ముందు కూర్చోబెట్టడం లేదు, పాఠం లేదు. వాడికి దేని మీద బుద్ధి పుడితే దాని వెంట పడతాడు, పెద్దవాళ్ళు తోడుంటారు. ఎనిమిదేళ్ళు వచ్చేదాకా వాడికి చదవడం రాలేదు. నేను లోపల్లోపల కుమిలిపోతూ, పైకి మాత్రం గిన్నెలు గట్టిగా చప్పుడయ్యేలా కడిగేదాన్ని. కిందటి శీతాకాలం ఒక సాయంత్రం విత్తనాల కంపెనీ వాళ్ళ కేటలాగు పట్టుకొచ్చి, ఈ గుమ్మడికాయ గురించి వీళ్ళు రాసింది అబద్ధమని వాదించాడు. చదవడం ఎప్పుడు నేర్చుకున్నాడో ఎవరికీ తెలియదు. నాకు సంతోషం, కోపం రెండూ వచ్చాయి. అక్షరాలు నేర్పడానికి మనిషి కావాలని నేను జీవితమంతా నమ్మాను మరి.

ఇలాంటి కుటుంబాలు మా చుట్టుపక్కల అయిదారు ఉన్నాయి. గురువారాలు ఎవరో ఒకరింట్లో కలుస్తారు. పిల్లలు అడవి మీద పడతారు, పెద్దవాళ్ళు టీ తాగుతూ టీవీ వాళ్ళని తిడతారు. వాళ్ళ కోపం నిజమైనదే. టీవీ కార్యక్రమాల్లో పిల్లల్ని బడికి పంపని వాళ్ళు రెండే రకాలు. ఒకటి, పొడుగు గౌన్లు వేసుకుని, డజను మంది పిల్లలతో ప్రపంచం రేపే అంతమైపోతుందని నమ్మేవాళ్ళు. రెండు, మధ్యాహ్నం దాకా నిద్రపోయి, తలకి దువ్వెన తగలని పిల్లల్ని కుక్కలతో పాటు వదిలేసేవాళ్ళు. చివర్లో ఒక మంచి టీచరు వచ్చి అందరినీ బాగు చేసి వెళ్తుంది. మా ఇంటిలాంటి ఇల్లు, చిమ్నీ దులుపుకుంటూ పన్నులు కట్టుకునే ఇల్లు, ఎప్పుడూ కనబడదు.

అందుకే ఒక చానెల్ నుంచి ఫోను వచ్చినప్పుడు మారెన్ ఒప్పుకుంది. జోనాస్ వద్దన్నాడు. నేను కూడా వద్దన్నాను, అత్తా అల్లుళ్ళం ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

"మనం కాదంటే ఇంకెవర్నో వెతుక్కుంటారు. ఒక్కసారైనా జనం ఉన్నది ఉన్నట్టు చూడనీ" అంది మారెన్.

ఆ పిల్లది చిన్నప్పటి నుంచీ అంతే, ఎదుటివాడికి సరిగ్గా చెబితే చాలు, అర్థం చేసుకుంటాడనుకుంటుంది. టీవీ వాళ్ళకి ఒక్కటే షరతు పెట్టింది: ఆన్సెల్‌ని పరీక్షించే ప్రశ్నలు అడగకూడదు. వాడికి ప్రశ్నంటే అవతలి వాళ్ళకి ఏదో తెలియక అడుగుతున్నారనే లెక్క. ఆ నమ్మకం వాడి దగ్గర ఉన్నన్నాళ్ళూ ఉండనివ్వండి, అదొక్కటీ పాడుచెయ్యకండి అంది. కార్యక్రమం నడిపే కారిస్సా అనే అమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుని మరీ సరేనంది. చూడ్డానికి మంచి పిల్లే. నా చేతి ఆపిల్ తీపి రొట్టె రెండు ముక్కలు తిని మెచ్చుకుంది.

మార్చి నెల. పగలు మంచు కరిగి, రాత్రి గడ్డకట్టే రోజులు. మేపుల్ చెట్ల నుంచి తియ్యటి నీరు కారేది అప్పుడే; చెట్లకి బకెట్లు తగిలించి పట్టి, పాకం కాస్తాం. వాకిలంతా మోకాలి లోతు బురద. ఆ బురదలో పిల్లవాడు చెప్పులు లేకుండా నడిస్తే బాగుంటుందని వచ్చిన రోజే అడిగారు. చలికి కాలి వేళ్ళు ఊడిపోతాయని జోనాస్ చెప్పాడు. పోనీ తల దువ్వకుండా ఉంచగలరా అన్నారు. కెమెరాకి వెలుతురు సరిపోవడం లేదని హాల్లో ఉన్న పుస్తకాల బీరువాలు రెండూ వెనక గదిలోకి తోయించారు. పొద్దున ఆరింటికి మేం తినేసిన దోసెల్లాంటి పాన్‌కేకులు పదకొండింటికి మళ్ళీ వేయించి, ఆన్సెల్‌ని రాత్రి బట్టలతో కూర్చోబెట్టి తినిపించారు. వాడికి పండగే. రెండోసారి టిఫిను పెడితే ఎవరికి చేదు?

మూడో రోజు పాకం షెడ్డులో షూటింగు. చెట్ల నీరు వెడల్పాటి రేకు పెనంలో పొద్దస్తమానం మరుగుతుంటే షెడ్డంతా ఆవిరి, పొగ. ఆన్సెల్ వాళ్ళ నాన్న పక్కన నిలబడి నురగ తీస్తున్నాడు. నేను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాను, పొగకి కళ్ళు మండి మొహం చిట్లించుకుని. మారెన్ ఇంట్లో ఉంది. జోనాస్ కట్టెలకని బయటికి వెళ్ళాడు. అప్పుడు కారిస్సా కెమెరా పక్క నుంచి చాలా మెత్తగా అడిగింది.

"ఆన్సెల్, ఏడు ఎనిమిదులు ఎంత?"

నేను స్టూలు మీంచి లేచాను. కానీ వాడి మొహం చూసి ఆగిపోయాను. వాడు భయపడలేదు. నురగ గరిటె పక్కన పెట్టి, పైకప్పు వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. పాపం ఈవిడకేదో లెక్క తేలడం లేదు అనుకున్నాడు. తరవాత ఆవిణ్ణే అడిగాడు, ఏడు ఏమిటి, ఎనిమిది ఏమిటి అని.

"బకెట్లనుకో" అందావిడ.

"కొండ వైపు చెట్లవా, వాగు వైపువా? లెక్కకైతే యాభై ఆరు. కానీ వాగు వైపు బకెట్లు నిండవండి. మీరు యాభై కిందే వేసుకోండి, లేకపోతే పాకం తక్కువొచ్చిందని బాధపడతారు."

నా కడుపు నిండిపోయింది. తరగతిలో నా ప్రశ్నకి అలాంటి జవాబు ఎన్నడూ రాలేదు. షరతు తప్పిందని కారిస్సాతో గొడవ పడాలనుకున్నదాన్ని కాస్తా, ఇది టీవీలో వస్తే మారెన్ కోరుకున్నది జరిగినట్టేనని నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రం నన్ను వరండాలో కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడించారు. టీచరుగా మీకు భయం వెయ్యదా అని అడిగారు. వేసేది అన్నాను. నిజం చెప్పడానికేం? ఆన్సెల్ వెనకబడిపోతాడని ఏళ్ళ తరబడి నిద్ర పట్టేది కాదని చెప్పాను. ఆ తరవాత స్వెట్టరు సంగతి, గుమ్మడికాయ సంగతి, మధ్యాహ్నం బకెట్ల సంగతి చెప్పి, ఇప్పుడు ఆ భయం లేదన్నాను. బాగా మాట్లాడానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

కార్యక్రమం సెప్టెంబరులో వచ్చింది. మాకు టీవీ లేదు, జోనాస్ కంప్యూటరు మీద పెట్టాడు. గురువారాలు కలిసే కుటుంబాల్లో రెండు, గిన్నెల్లో వంటకాలు పట్టుకుని వచ్చాయి. ఆన్సెల్ అందరికంటే ముందు, నేల మీద కూర్చున్నాడు. తన పాకం పెనం కనబడుతుందని వాడి సంబరం.

మొదట బురద కనబడింది. తరవాత ఒక్క పుస్తకం కూడా లేని మా హాలు. తరవాత గోడ గడియారం మీద పదకొండు గంటలు, రాత్రి బట్టల్లో మా వాడు. పాకం షెడ్డు వచ్చింది. ఏడు ఎనిమిదులు ఎంత అన్న గొంతు వినబడింది. ఆన్సెల్ పైకప్పు వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. వెనక ఏదో దిగులు సంగీతం. ఆ తరవాత చిట్లించుకున్న నా మొహం, కళ్ళల్లో నీళ్ళతో. దాని మీద నా గొంతే: "వెనకబడిపోతాడని భయం. ఏళ్ళ తరబడి నిద్ర పట్టేది కాదు."

అంతే. బకెట్లు లేవు, కొండ లేదు, వాగు లేదు. అక్కడి నుంచి వేరే కుటుంబం కథలోకి వెళ్ళిపోయారు.

వచ్చినవాళ్ళు గిన్నెలు సర్దుకున్నారు. ఎంత దారుణంగా కత్తిరించారో అని ఒకావిడ నా భుజం నొక్కి వెళ్ళింది. మారెన్ నా మీద అరవలేదు. అరిచినా బాగుండేది.

"నువ్వన్న మాటేగా అమ్మా" అంది నెమ్మదిగా.

"సగమే అది" అన్నాను. ఆ సగం మాత్రం నాదే.

ఆన్సెల్ ఇంకా నేల మీదే ఉన్నాడు. నా వైపు తిరిగి అడిగాడు.

"అమ్మమ్మా, ఆవిడకి జవాబు ముందే తెలుసా?"

అబద్ధం చెప్పొచ్చు. ఈ ఇంట్లో నాకది చేతకావడం లేదు. "తెలుసు నాన్నా" అన్నాను.

"మరెందుకు అడిగింది?"

"నీకు వచ్చో రాదో చూద్దామని."

వాడు షెడ్డులో ఆలోచించినట్టే ఆలోచించాడు. తను చెప్పాడు కదా, యాభై ఆరని చెప్పాడు కదా అని అడిగాడు. చెప్పావు, వాళ్ళు చూపించలేదు అన్నాను. నా కళ్ళల్లో నీళ్ళు పొగ వల్ల వచ్చినవని, ఏడుపు కాదని కూడా చెప్పాను. తల ఊపాడు. కానీ అది నమ్మిన ఊపు కాదని నాకు తెలిసిపోయింది.

ఆ తరవాత కొన్ని వారాలు ఊళ్ళో అదే గోల. పచారీ కొట్టు దగ్గర కౌంటరు మనిషి, మంచివాడే, మా వాణ్ణి చూడగానే ఏడు ఎనిమిదులు అని నవ్వేవాడు. పోస్టాఫీసులో ఇంకెవరో తొమ్మిదో ఎక్కం అడిగారు. వాడు ఇదివరకులా దేని గురించి, ఎందుకు అని తిరిగి అడగడం లేదు. మారెన్ వాడితో ఎంతసేపో మాట్లాడింది, జనం తీరు అంతే, నీ తప్పేం లేదని చెప్పింది. వాడు సరే అమ్మా అన్నాడు. ఇంట్లో కూడా మాటలు తగ్గాయి. అన్నం దగ్గర ఉప్పు సరిపోయిందా అని నేనడిగితే, చెప్పే ముందు ఒక్క క్షణం ఆగేవాడు.

అక్టోబరు చివర ఒక మధ్యాహ్నం పాకం షెడ్డులోంచి వాడి గొంతు వినబడింది. వచ్చే ఏటికి కట్టెలు పేరుస్తున్నాడు. ఒక్కో కట్టె పెడుతూ ఎనిమిదో ఎక్కం అప్పజెప్పుకుంటున్నాడు. తప్పు పోతే మళ్ళీ మొదటి నుంచి. ఎవరూ చెప్పకుండా, తనంతట తాను, ఎక్కాలు వల్లిస్తున్నాడు. ఆరేళ్ళుగా నేను దేవుణ్ణి కోరుకున్నది అదే. కోరుకున్నది కళ్ళముందే జరుగుతుంటే నా కాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి.

నన్ను చూసి కట్టె కింద పెట్టాడు.

"పన్నెండు దాకా వచ్చేశాయి. అడుగు అమ్మమ్మా."

అమ్మ ఒప్పుకోదు నాన్నా అన్నాను.

"అమ్మకి చెప్పన్లే. నువ్వు టీచరువి కదా. ఏదో ఒకటి అడుగు. మళ్ళీ ఎవరన్నా అడిగితే దొరక్కూడదు."

దొరక్కూడదు అన్నాడు. ఆ మాట వాడికి ఎవరూ నేర్పలేదు. వాడు అలా నిలబడి ఎదురుచూస్తుంటే కాదనలేకపోయాను.

"ఆరు తొమ్మిదులు?" అన్నాను.

"యాభై నాలుగు" అన్నాడు తడుముకోకుండా. అని, నా మొహంలోకి చూశాడు. పైకప్పు వైపు కాదు, కట్టెల వైపు కాదు. ఒప్పో తప్పో నా మొహంలో వెతుకుతున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. నా తరగతి గదిలో ప్రతి బెంచీలోంచీ ప్రతి రోజూ నా వైపు చూసిన చూపే. అది చదువు మీద శ్రద్ధ అనుకునేదాన్ని. వీడి మొహంలో అది అంతకుముందెప్పుడూ లేదు.

"ఒప్పే" అన్నాను.

"ఇంకోటి అడుగు" అన్నాడు, నా మొహం మీంచి కళ్ళు తియ్యకుండా.