రీసెట్ మీట మీద పసుపు బొట్టు

నేను ఒక రీసెట్ మీటను. అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు అంచున కందిగింజంత ఉంటాను. మొదట కాకినాడలో ఓ కాలేజీ కుర్రాడి ప్రాజెక్టులో పడ్డాను. మార్కులు రాగానే అమ్మేశాడు. ఇప్పుడు ఉప్పాడ దగ్గర ముత్యవేణి ఇంట్లో, నాటుకోడి గుడ్లు పొదిగే పెట్టెకు వేడి సరిచూసే బోర్డు మీద ఉన్నాను. ఆమె పొదిగిస్తున్న గుడ్లలో ఇది మొదటి విడత. ఇది పోతే చంటిదాన్ని వదిలి మళ్ళీ రొయ్యలు ఒలిచే షెడ్డుకే వెళ్ళాలి.

నా పని ఎవరికీ అర్థం కాదు, అదే నా ఏడుపు. ప్రాసెసర్‌కి రీసెట్ తీగ ఒకటుంది. రెసిస్టర్ అనే బుల్లి ముక్క దాన్ని ఎప్పుడూ పై వోల్టేజికి లాగి పట్టుకుంటుంది. నన్ను నొక్కితే అది సున్నా వోల్టులకు దిగుతుంది. దిగి ఉన్నంతసేపూ ప్రాసెసర్ ఉలకదు, పలకదు. వేలు తీస్తేనే మళ్ళీ మొదటి నుంచి పని మొదలెడుతుంది.

దసరా ఆయుధపూజ అని అత్తగారు సూరాయమ్మ కత్తిపీటకీ, మిక్సీకీ, నాకూ తడి పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఆ తడి నా కాళ్ళ మధ్యకు జారింది. ఎవరూ నొక్కకుండానే తీగ దిగిపోయింది. పెట్టెలో బల్బు ఆరింది. పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని రావలసిన రోజు అది!

"అత్తయ్యా, పెట్టె సల్లబడిపోతంది!" అంటూ ముత్యవేణి నన్ను నొక్కింది. మళ్ళీ నొక్కింది.

"గట్టిగా నొక్కవే. తిన్న అన్నం ఏవైపోతంది?"

"వేలు జారిపోతందండీ!"

"దిష్టి తగిలుంటది. ఇంకో బొట్టెడతానుండు."

నోరుంటే అరిచేదాన్ని.

"మీకు దణ్ణం పెడతాను, వద్దత్తయ్యా!" అంటూ ముత్యవేణి పైటకొంగుతో నన్ను రుద్ది రుద్ది తుడిచింది, ఆరేదాకా ఊదింది. తడి పోయింది. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ నొక్కి, భయంతో వేలు తీయడమే మరిచిపోయింది! తియ్యమ్మా, తల్లీ!

ఉయ్యాల్లో చంటిది కేర్‌మంది. ముత్యవేణి చెయ్యి తీసి అటు పరిగెత్తింది. నా పక్కన కరెంటు దాచుకునే కెపాసిటర్ మెల్లగా నిండింది, తీగ పైకి లేచింది, ప్రాసెసర్ మొదటి నుంచి పని అందుకుంది. బల్బు వెలిగింది.

పిల్లను చంకనేసుకుని వచ్చి, ఓ గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంది. లోపల ముక్కుతో పొడుస్తున్న చప్పుడు.

"బొట్టెట్టాను గనక బతికాయి," అంది సూరాయమ్మ.

ముత్యవేణి కళ్ళు తుడుచుకుంది. పాలసీసా మూత నా మీద బోర్లించి టేపు వేసేసింది. ఊపిరాడటం లేదు. అయినా ఇన్నాళ్ళకి ఒకరు నన్ను నా మానాన వదిలేశారు.