చేతికీ పాదానికీ మధ్య

నేను ఒక కంచు గిన్నెను. గుప్పిట్లో ఇమిడేంత చిన్నదాన్ని. రాగినీ తగరాన్నీ కరిగించి, సుత్తితో సాగదీసి నన్ను చేసిన కంచరి ముసలాయన చివర్లో నన్ను గోటితో ఒకసారి మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "గొంతు బాగుంది" అన్నాడు. ఆ తర్వాత నన్ను మెచ్చుకున్నవాళ్ళు పెద్దగా లేరు కాబట్టి ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

పలాస దగ్గర, జీడితోటల మధ్య ఉన్న ఊళ్ళో దాలమ్మ అనే ఆవిడ ఇంటికి నన్ను తెచ్చారు. ఆమె కొడుకు ధర్మారావు అన్నప్రాశన నాతోనే జరిగింది. తొలి ముద్ద నాలోంచే తిన్నాడు. తినడం కంటే నన్ను నేలకేసి కొట్టి ఆ మోత వినడమే వాడికి ఎక్కువ ఇష్టం. నా అంచున ఉన్న గాటు వాడి చలవే.

తర్వాత ఇంట్లోకి స్టీలు వచ్చింది. చింతపండు పెట్టి నన్ను తోమే ఓపిక ఎవరికీ లేకపోయింది. నన్ను అటక ఎక్కించారు. అలా మరిచిపోవడాన్ని మనుషులు దాచుకోవడం అంటారు.

చాలా ఏళ్ళకు, పాత సామాన్లకు ప్లాస్టిక్ టబ్బులు ఇచ్చేవాడు వీధిలోకి వచ్చినప్పుడు దాలమ్మ అటక మీదివన్నీ దించింది. వాడు నన్ను అందుకోబోతే లాక్కుంది.

"అది కాదు బావూ. నా కొడుకు తొలిముద్ద తిన్నాడు దాంట్లో."

అప్పటికి ఆ కొడుకు లేడు. కిడ్నీ జబ్బు తీసుకుపోయింది. అతను మంచాన ఉన్నన్నాళ్ళూ భార్య దమయంతి పక్కనే కూర్చుంది. మొదట్లో అతను మూలిగితే లేచేది. తర్వాత, లేచే పని ఉండకూడదని పడుకోవడమే మానేసింది. అతను పోయాక కూడా ఆమెకు నిద్ర తిరిగి రాలేదు.

పట్నం డాక్టరు కొన్నాళ్ళకని నిద్రబిళ్ళలు రాసి, మళ్ళీ రమ్మన్నాడు. ఆమె మళ్ళీ వెళ్ళలేదు. మందుల షాపువాడికి ఆమె ముఖం అలవాటైపోయింది. సగం బిళ్ళ ఒకటైంది, ఒకటి రెండైంది. పొద్దున లేస్తే తల బురదలో కూరుకున్నట్టు ఉండేది. ఆ తలతోనే జీడిపిక్కలు కొట్టే మిషను ముందు కూర్చునేది. ఒకరోజు కునుకు పట్టి వేలు చీరుకుపోయింది.

"అమ్మీ, ఇంకోపాలి కునుకు తీసినావంటే ఇంటికాడే తొంగో" అన్నాడట మేస్త్రీ.

"ఇంటికాడ తొంగోగల్నైతే నీ మొకం సూడ్డానికొత్తానేటి?" అందట దమయంతి.

అందరూ నవ్వారట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి తనూ నవ్వింది. దాలమ్మ మాత్రం నవ్వలేదు. ఆ ఇంట్లో రెండు పొట్టలకూ ఆ పనే ఆధారం.

మర్నాడే కోడల్ని ఆయుర్వేద ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ నెమ్మదిగా అన్నీ అడిగి చెప్పిందట: "సాయంత్రం టీ మానెయ్యి. పడుకునే ముందు పాలల్లో చిటికెడు జాజికాయ పొడి వేసుకుని తాగు. పొద్దుగూకాక పాదాలకు గోరువెచ్చని నువ్వులనూనె రాయించుకో. కంచు గిన్నె ఉంటే దాని అడుగుతో రుద్దించుకో, లేకపోతే చెయ్యి చాలు. బిళ్ళలు మాత్రం ఒక్కసారిగా ఆపకు. ఇచ్చిన డాక్టరునే అడిగి తగ్గించుకో."

దాలమ్మ చెవికి కంచు గిన్నె దాకా ఎక్కింది. మిగతాది దారిలో జారిపోయింది.

ఆ సాయంత్రం నన్ను తోమి, నూనె వెచ్చబెట్టి, కోడలి కాళ్ళ దగ్గర చతికిలబడింది. దమయంతి కాళ్ళు చీరలోకి లాగేసుకుంది.

"ఏటత్తా ఇది! పెద్దదానివి, నా కాళ్ళట్టుకుంతావా? నాకు పాపం సుట్టుకోదా?"

చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి. పెద్దవాళ్ళు పట్టుకుంటే చిన్నవాళ్ళకు ఆయుష్షు తరుగుతుందని అక్కడి నమ్మకం. దాలమ్మ కాసేపు ఆలోచించింది. తర్వాత నా లోపల వేళ్ళు పెట్టి, నా అడుగును కోడలి అరికాలికి ఆనించింది.

"నానెక్కడ ముట్టుకున్నానే? గిన్ని ముట్టుకుంటంది. పాపమొత్తే దీనికొత్తాది."

నాకేం అభ్యంతరం లేకపోయింది. అభ్యంతరమల్లా గోడ అవతలి పార్వతికే. "తిండి గిన్నిని కాళ్ళకెడతావేటి దాలమ్మా? దానికి మరేద నేదేటి?"

"అటక మీద బల్లులు గుడ్లెట్టినప్పుడు ఉన్నాదేటే మరేద?"

దాలమ్మ నా మనసులో మాట అన్నది.

కానీ మర్నాడే ఆవిడ ఒక పొరపాటు చేసింది. నూనె ఉండగా బిళ్ళలెందుకని, వాటిని గూట్లో పెట్టి నన్ను వాటి మీద బోర్లించింది. దమయంతి ఇల్లంతా వెతికింది. నిద్ర లేదు సరికదా, చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది. మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. అది చూసి దాలమ్మ తనే నన్ను ఎత్తి, బిళ్ళలు తీసి, కోడలి చేతిలో పెట్టి ఏడ్చింది. ఇద్దరూ పట్నం డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. ఆయన ఇద్దర్నీ గట్టిగా కోప్పడి, కొద్దికొద్దిగా ఎలా తగ్గించాలో చెప్పాడు. ఈసారి దమయంతి ఆయన రమ్మన్నప్పుడల్లా వెళ్ళింది.

సాయంత్రం పూట నా పని మాత్రం ఆగలేదు. రుద్దగా రుద్దగా పాదం మీద నూనె నల్లబడేది. "అదిగో, ఒంట్లో ఏడి దిగిపోతంది" అని దాలమ్మ మురిసిపోయేది. అది నా కంచు రంగు. పోనీలే అని ఊరుకున్నాను.

ఒకరోజు రుద్దుతూ రుద్దుతూ నా అంచు తడిమింది. "ఈ గాటు సూసినావా? మీ ఆయన సేసిందే. నేలకేసి కొట్టీవోడు, దొంగ సచ్చినోడు."

దమయంతి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అతను పోయాక వాళ్ళిద్దరి మధ్య అతని ఊసు రావడం అదే మొదలు. ఆ రోజు నుంచి నూనెతో పాటు ధర్మారావు కబుర్లు కూడా నడిచాయి. ఆమెకు మేలు చేసింది పాలా, జాజికాయా, నూనా, ఆ ఏడుపా అంటే నేను చెప్పలేను. గిన్నెను కదా.

నెలలు గడిచాయి. బిళ్ళ సగమైంది, సగంలో సగమైంది. చివరికి డాక్టరు, ఇక వద్దు అన్నాడు.

ఆ సాయంత్రం బయట సన్నగా వాన పడుతోంది. దాలమ్మ నాతో రుద్దుతోంది. ఎప్పుడూ బిగుసుకుని ఉండే దమయంతి కాలివేళ్ళు మెల్లగా విడివడ్డాయి.

"అమ్మీ" అంది దాలమ్మ.

నిండుగా, నెమ్మదిగా ఊపిరి.

దాలమ్మ గోడ వైపు ఒకసారి చూసింది. పార్వతి లేదు. తన చీర చెంగు నేల మీద పరిచి, మోగకుండా నన్ను దాని మీద దించింది. తర్వాత అరచేతిలో నూనె పోసుకుని, కోడలి పాదాన్ని రెండు చేతులతోనూ పట్టుకుంది.

ఇప్పుడు నా చోటు కిటికీ గూట్లో. రోజూ పొద్దుగూకాక నన్ను తీస్తారు. దమయంతి నిద్రపోయేదాకా నా పని. ఆ తర్వాతది ఆ చేతుల పని. ఈ సంగతి దమయంతికి తెలియదు.

గొంతు బాగుందని నన్ను మెచ్చుకున్నారు ఒకప్పుడు. మోగకుండా ఉండడంలో కూడా ఇంత సుఖముందని ఆ చీర చెంగు మీదే తెలిసింది.