భోజన్న దాటేసిన ముక్క

కథ చెప్పేవాడికి ఊ కొట్టే మనిషి ఒక్కడు దొరికితే అదృష్టం. భోజన్నకు ఇరవై ఇద్దరున్నారు.

ఉమ్ అల్ క్వైన్ క్యాంపు నుంచి దుబాయ్‌లోని అల్ ఖూజ్ గోదాముల్లో పనికి కంపెనీ బస్సులో రోజూ పోవాలి, రావాలి. పొద్దున అందరూ నిద్రలో ఊగుతుంటారు. సాయంత్రం నిద్ర కూడా పట్టనంత అలసట. అప్పుడు ముందు సీట్లో కూర్చున్న గ్యాంగు మేస్త్రీ భోజన్న వెనక్కి తిరిగి కథ ఎత్తుకుంటాడు. అతనిది జగిత్యాల దగ్గరి పల్లె. ఆరు నెలలుగా చెబుతున్నది మాత్రం చీనా కథ. హాంకాంగ్ నుంచి వచ్చిన వెల్డింగ్ ఫోర్‌మన్ లామ్ మధ్యాహ్నం నీడపట్టున సిగరెట్ కాలుస్తూ వచ్చీరాని హిందీలో చెప్పాడు. భోజన్న చేతిలో పడ్డాక అది రెండింతలైంది.

కథలో మనిషి లియు బాంగ్, రెండు వేల ఏళ్ల కిందటివాడు. రైతు కొడుకు, పనిదొంగ, తాగుబోతు, ఊళ్లో చిన్న సర్కారు నౌకరు. అలాంటివాడు దండు కట్టి, రాజుల్ని కొట్టి, చీనాకు చక్రవర్తి అయ్యాడు. దారికి అడ్డంగా పడుకున్న మహాసర్పాన్ని ఒక్క వేటుకు రెండు ముక్కలు చేసే చోటు వస్తే భోజన్న టిఫిన్ డబ్బా మూత మీద దరువేసేవాడు. చక్రవర్తి అయ్యాక ముసలి తండ్రి కోటలో దిగులు పడితే, పాత ఊరిని వీధి వీధీ అచ్చం అలాగే కొత్తచోట కట్టించాడట. పాత ఊరి కుక్కల్నీ కోళ్లనూ తెచ్చి వదిలితే, ఏ ఇంటివి ఆ ఇంటికే పోయాయట. ఆ కోళ్ల దగ్గర బస్సంతా ఊ కొట్టడం మరిచిపోయేది.

ఒక్కచోట మాత్రం భోజన్న గంతు వేసేవాడు. "నౌకరు లియు బాంగ్‌కు ఒక పని అప్పజెప్పిన్రు. గట్ల అడివిల పడ్డడు" అని సరాసరి పాము దగ్గరికి పోయేవాడు.

పక్క మంచం వెంకట్రాములు ఓసారి పట్టుకున్నాడు. "పెద్దన్నా, సర్కారు నౌకరోడు అడివిల ఎందుకు పడ్డడే?"

"పడ్డడు తియ్యి. నీకు పాము కావాల్నా, వద్దా?"

ఎందుకు దాటేస్తున్నాడో భోజన్నకే తెలుసు. కిందటేడు ముగ్గురు పారిపోయాక క్యాంపు నడిపే ముదీర్ కొత్త రూలు పెట్టాడు. ఏ గ్యాంగులో మనిషి తగ్గితే ఆ గ్యాంగు మేస్త్రీ సెలవు రద్దు, మళ్లీ రెండేళ్ల దాకా సెలవు మాట లేదు. భోజన్న పెళ్లయిన మూడు నెలలకే దుబాయ్ వచ్చాడు. నాలుగేళ్లయింది. భార్య సమ్మవ్వ కిందటి ఉత్తరంలో ఒక్క వాక్యమే రాయించింది: "వస్తవా రావా, ఒక్క ముచ్చట రాయి." వచ్చే బుధవారం విమానం. వస్తున్నానని రాసి పదిహేను రోజులైంది. ఇంకో ఆరు రోజులు ఈ ఇరవై రెండు తలలూ చెదరకుండా ఉంటే చాలు.

అందులో భీమయ్య తల ఒకటి. సిమెంటు గోదాములో మూడేళ్లు బస్తాలు మోసి దమ్ము జబ్బు తెచ్చుకున్నాడు. అతని ఊ చివర ఎప్పుడూ దగ్గు ఉంటుంది. ఇంటికి పంపమని, వీసా ఇచ్చి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్న కఫీల్ కాళ్లు పట్టుకున్నాడు. అగ్రిమెంటు ఇంకా పద్నాలుగు నెలలుంది, ఖలాస్ అన్నాడు కఫీల్.

ఆ గురువారం సాయంత్రం బస్సెక్కే ముందు భీమయ్య భోజన్నను పక్కకు పిలిచాడు. గురువారాల్లో బస్సు దారిలో సత్వా బజారులో అరగంట ఆగుతుంది, వారానికి సరిపడా బియ్యం, ఉల్లిగడ్డలు కొనుక్కోవడానికి.

"పెద్దన్నా, సత్వాల మా బావ ఉన్నడు. మనోళ్ల ఎంబసీకి తోల్కపోతడట. ఆడ కాగితం ఇస్తే ఇంటికి పోవచ్చట."

"బుధవారం దాంక ఆగలేవార?"

"ఎల్లుండే నన్ను దీవి మీది సైటుకు తోలుతున్నరు. ఆర్నెల్ల దాంక ఒడ్డుకు రానియ్యరట. గందాంక నేనుండనే." భీమయ్య దగ్గు ఆపుకుని మళ్లీ అన్నాడు. "నీకు చెప్పకుండ పోబుద్ధి కాలే. వద్దంటే పోను."

భోజన్నకు ఒళ్లు మండింది. పోయేవాడు గప్‌చుప్‌గా పోతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాడు. వీడు తన మంచితనాన్ని తెచ్చి భోజన్న నెత్తిన పెట్టాడు. గిర్రున తిరిగి బస్సెక్కాడు.

బస్సు కదిలింది. కథ ఎత్తుకోక తప్పలేదు.

"నౌకరు లియు బాంగ్‌కు ఒక పని అప్పజెప్పిన్రు" అన్నాడు, ఆగాడు. ఈసారి గంతు వేయడానికి కాళ్లు రాలేదు. "రాజు బతికుండంగనే సమాధి కట్టించుకుంటున్నడు. గా కొండ కాడికి ఖైదీ కూలోళ్లను తోల్కపొమ్మన్నరు. మంది తగ్గితే ఈని తల పోతది."

ఎవరూ ఊ కొట్టలేదు.

"దారిల ఒక్కొక్కడే జారుకున్నడు. కొండ చేరేటాళ్లకు ఎవ్వడు మిగలడని తెలిసింది. ఆఖరికి ఓకాడ కూసోని కడుపునిండ తాగిండు. లేసి, మిగిలినోళ్ల కట్లన్ని ఇప్పిండు. 'పోండ్రి, నేను గూడ పోత' అన్నడు."

"అందరు పోయిన్రా?" వెంకట్రాములు అడిగాడు.

"పదిమంది పోలే. నీతోనే ఉంటమన్నరు. గాళ్లతోని అడివిల పడ్డడు. రాజయ్యింది తర్వాతి ముచ్చట."

"ఊ" అన్నాడు భీమయ్య చివరి సీట్లోంచి. వెంట దగ్గొచ్చింది.

సత్వాలో అరగంట అయిపోయింది. సంచులతో అందరూ ఎక్కారు. భోజన్న తలలు లెక్కపెట్టి "పూరా" అంటేనే డ్రైవర్ అబ్దుల్ రహీం బండి తీస్తాడు, అది కంపెనీ రూలు.

"పూరా?"

చివరి సీటు ఖాళీగా ఉంది. భీమయ్య బావ ఉండే గది రెండు సందుల అవతలే. ఇద్దరిని పంపితే పది నిమిషాల్లో పట్టుకొస్తారు. భోజన్న కళ్లు మూసుకున్నాడు. సమ్మవ్వ మొహం గుర్తు తెచ్చుకుందామంటే పెళ్లి ఫోటోలోని మొహమే వస్తోంది, మనిషి రావడం లేదు. భీమయ్య దగ్గు మాత్రం పక్కనే ఉన్నట్టు వినబడుతోంది. చచ్చేంత అలసటగా ఉంది అతనికి.

"పూరా" అన్నాడు. "యల్లా."

అబ్దుల్ రహీం అద్దంలో ఖాళీ సీటు చూశాడు. గేరు వేశాడు.

క్యాంపు గేటు దగ్గర ముదీర్ మనిషి అల్లాబకాష్ రెండుసార్లు లెక్కపెట్టాడు, ఒక తల తక్కువ. "ఏక్ కమ్ హై, భోజన్నా. తేరీ ఛుట్టీ గయీ. మాలూమ్ నా?"

"మాలూమ్."

మర్నాడు శుక్రవారం, సెలవు. చదువొచ్చిన వెంకట్రాములు కాగితం, కలం పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

"వదినెకు ఏం రాయాలే?"

"వస్తలేనని రాయి."

రాశాడు. ఈ ఉత్తరం చేరేలోపే బుధవారం వచ్చి పోతుందని ఇద్దరికీ తెలుసు. సమ్మవ్వ బస్టాండుకు పోయి నిలబడుతుంది, ఆఖరి బస్సు దాకా నిలబడుతుంది.

"అవునే, లియు బాంగ్ మళ్ల ఊరికి పోయిండా?" మాట మార్చబోయాడు వెంకట్రాములు.

"పోయిండు. రాజయినంక పన్నెండేండ్లకు. ఊరోళ్లందరిని పిలిచి, తాగి, పాట పాడి, ఏడ్సిండట."

"రాజుకు ఏడుపెందుకే?"

భోజన్న చెప్పబోయాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, నాలుగేళ్లలో మొదటిసారి, మనుషుల ముందు ఏడ్చాడు.

వెంకట్రాములు కలం పక్కన పెట్టి, కథ ఇంకా నడుస్తున్నట్టే, మెల్లగా "ఊ" అన్నాడు.