ముంత పాట

మూడో చరణం దాకా పాడి నబీ సాబ్ తాళం చెక్కలు కింద పెట్టేశాడు. గోనెపట్ట చుట్టూ చేరిన పదిహేను మందీ నాలుగో చరణం కోసం ఆయన నోటి వంక చూస్తున్నారు. ఆయనకు మాత్రం తొందరేమీ లేదు. తువ్వాలుతో మెడ తుడుచుకుని, చెంబెత్తి రెండు గుక్కలు తాగి, కళ్లద్దాలకు కట్టిన దారం సవరించుకున్నాడు.

"తర్వాత ఏమాయ సాబూ? ఆ పాప బాయిలో పడిందా, లేదా?" అని మిరపకాయలు అమ్ముకోవడానికొచ్చిన ఒకామె అడిగింది.

"అది పుస్తకంలో ఉండాది తల్లీ. అర్ధరూపాయి."

"నాకు సదువు రాదు గదప్పా!"

"నీకు రాకుంటే ఇంట్లో ఎవరికీ రాదా? సదివించుకో. ఇంటిల్లిపాదీ ఇనొచ్చు."

ఆమె తిట్టుకుంటూనే కొంగు ముడి విప్పింది. ఆమెను చూసి మరో ముగ్గురు కొన్నారు. బెళుగుప్ప సంతలో నబీ సాబ్ బేరం పదిహేనేళ్లుగా ఇలాగే సాగుతోంది. పాట మొత్తం పాడేస్తే విన్నవాడు దులుపుకుని లేచిపోతాడు. ముప్పావు పాడి ఆపితే మిగతా పావు వాడిని ఇంటికి పోనివ్వదు. ఈ సంగతి ఆయనకు ఎవరూ నేర్పలేదు. మొదటి ఏడాది పాటలన్నీ చివరిదాకా పాడేసి, పుస్తకాల మూట బరువు ఇసుమంతైనా తగ్గకుండా ఇంటికి మోసుకుపోయి నేర్చుకున్నాడు.

అంతకుముందు ఆయన పామిడిలో బట్టలు కుట్టేవాడు. మిషను అమ్మేసి పాటల పుస్తకాలు అచ్చేయిస్తానన్నప్పుడు బంధువులంతా నవ్వారు. ఇప్పుడాయనకు బండలు పరిచిన మూడంకణాల ఇల్లుంది. ఇద్దరు కొడుకులూ గుత్తిలో సొంతంగా సైకిలు అంగడి పెట్టుకున్నారు. ఆ ఇల్లూ ఆ అంగడీ పాటలతో వచ్చినవే. అయితే ఆయన్ని కవి అంటే ఎవరూ ఒప్పుకోరు, ఆయన కూడా ఒప్పుకోడు. తెల్లవారి నమాజు అయ్యాక మొదటి బస్సు హారను వినబడేదాకా రాస్తాడు. హారను వినగానే, సగం మాటలో ఉన్నా కలం మూసేస్తాడు. పుస్తకం పదహారు పేజీలు. పాట ఎక్కువైతే కోస్తాడు, తక్కువైతే చివర నాలుగు పొడుపుకథలు అతికిస్తాడు. గులాబీ రంగు అట్ట ఆడవాళ్లు ముట్టుకుంటారనీ, పచ్చ అట్ట పీర్ల పండక్కి పోతుందనీ, తెల్ల అట్ట ఎవరూ ముట్టరనీ ఆయన లెక్క. రాముడి మీద రాస్తాడు, ఆంజనేయుడి మీద రాస్తాడు, పీర్ల మీదా రాస్తాడు. ఒకసారి కుందుర్పిలో ఎవడో "తురకాయన రాముని పాట రాయడమేందప్పా?" అని అడిగితే, "రాముడే అడగలే, మద్దెలో నీకేం నొప్పిరా?" అన్నాడు. ఆరోజు మూటలో ఉన్న పుస్తకాలన్నీ అమ్ముడుపోయాయి.

కానీ ఆయన వ్యాపారానికి అసలు దన్ను సంతలు కాదు, చెక్కభజన గురువులు. భజన పాటకు చివరి చరణంలో కట్టినవాడి పేరు రావాలి. అది ఆ పక్క ఆచారం. పది మంది పిల్లోళ్లకు గజ్జెలు కట్టించి అడుగులు నేర్పే గురువుకు తన పేరుతో ఒక్క పాటైనా లేకపోతే, జాతరలో పక్క ఊరివాళ్లు ముఖం మీదే నవ్వుతారు. పాట కట్టే విద్య అందరికీ రాదు కదా. అందుకని వాళ్లు నబీ సాబ్ దగ్గరికి వస్తారు. ఆయన పాట కట్టి, చివర వాళ్ల పేరు కూర్చి ఇస్తాడు. ఇచ్చిన పాట మళ్లీ ముట్టడు, తన పుస్తకంలో వేసుకోడు, అది నాదని ఎక్కడా అనడు. ఆ ఒక్క నమ్మకం మీదే నాలుగు తాలూకాల గురువులు ఆయన గడప తొక్కారు.

ఈరోజు ఆ నమ్మకాన్ని తనే వమ్ము చేయబోతున్నాడు. అందుకే పొద్దుటినుంచీ ఛాతీలో ఏదో బిగపట్టినట్టుంది. తాను చేయబోయే పని గుర్తుకొచ్చి అలా ఉంటోందనుకున్నాడు.

పన్నెండేళ్ల కిందటి కరువులో, పామిడిలో గంజి పోస్తున్న రోజుల్లో, ఆయన భార్య దాదాబీ ముంత పట్టుకుని పొద్దుటినుంచి వరసలో నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి గంజి అయిపోయింది. ఉత్త ముంతతో పోతే పిల్లలు వాకిట్లోనే ఏడుపు లంకించుకుంటారని, ముంత మీద కొంగు కప్పుకుని, నిండు ముంత మోసినట్టు మెల్లగా నడిచి ఇంటికొచ్చింది. ఉట్టి మీద పెట్టి, "చల్లారనీండి" అని పిల్లల్ని నిద్రపుచ్చింది. ఈ మాట మొగుడికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన తెల్లారేసరికి దాన్ని పాట కట్టాడు. ఆ మధ్యాహ్నమే భజన గురువు పెద్దన్న ఒక సంచి కొర్రలు తెచ్చి, నాకో పాట కావాలన్నాడు. ఇంట్లో పిల్లలున్నారు, ఎదురుగా కొర్రలున్నాయి. చేతిలో ఉన్న పాట అదొక్కటే. చివర "పెన్నేటి ఇసుక సాక్షి పెద్దన్న పాడెను" అని కూర్చి ఇచ్చేశాడు.

ఆయన కట్టిన వాటిలో అంతగా జనం నోళ్లలో నానిన పాట ఇంకోటి లేదు. ఏ జాతరకు పోయినా చెక్కలు మోగితే అదే పాట. దాదాబీ పన్నెండేళ్లూ విని ఊరుకుంది. పదిహేను రోజుల కింద, మంచి పాటలన్నీ ఏరి ముప్పై రెండు పేజీల పెద్ద పుస్తకం వేస్తున్నానని ఆయన సంబరంగా చెప్పినప్పుడు మాత్రం రొట్టె కాలుస్తూ వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ముంత పాట ఉంటాదా?"

"అది అమ్మిందే గదా."

"నేను నీకు చెప్పుకుంటి. నువ్వు ఊరికి అమ్ముకుంటివి." ఆమె గొంతు పెంచలేదు. "నీ పేరన్నా ఉండింటే, మన ఇంటి మాట మన ఇంట్లోనే ఉండాదనుకుందు."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఆయన్ని అడిగింది ఆ ఒక్కటే. చివరి పేజీ ఖాళీగా ఉంచమని ఆయన ప్రెస్సులో చెప్పి వచ్చాడు.

ఎండ నడినెత్తికి రాకముందే నబీ సాబ్ మూట కట్టేసి పెద్దన్న పల్లెకు నడిచాడు. రెండు మైళ్ల దారి. అటూ ఇటూ వేరుశనగ చేలు వాన లేక మోకాలి కిందే పసుపెక్కి ఉన్నాయి. రెండు చోట్ల కూర్చుని లేచాడు.

పెద్దన్న వసారాలో మంచం మీద ఉన్నాడు. డెబ్బై దాటాయి, మోకాళ్లు వాచి గజ్జె కట్టడం మానేసి రెండేళ్లయింది. నబీ సాబ్‌ని చూసి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"ఏం సాబూ, మొకం అట్ల పీక్కపోయింది? ఎండన పడి యాడికి పోతాండావు?"

"నీ దగ్గరికే వస్తినన్నా." నబీ సాబ్ మంచం కోడు పక్కన అరుగు మీద కూర్చున్నాడు. దారి పొడవునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "ముంత పాట నాకియ్యి అన్నా. నా పేరుతో వేసుకుంటా. కావాలంటే దాని బదులు నాలుగు కట్టిస్తా."

ఇంట్లోంచి కోడలు సుబ్బరత్నమ్మ మజ్జిగ తెచ్చిపెట్టి పోయింది. ఆమె లోపలికి పోయేదాకా ఆగి, పెద్దన్న గొంతు తగ్గించి అన్నాడు.

"నీకు నూరు పాటలుండాయి సాబూ. నాకుండేది ఇదొక్కటే. సేన్లు పాయ, ఎద్దులు పాయ. ఈ ఊర్లో నన్నెవరన్నా పలకరిస్తాండారంటే ఆ పాట కోసరమే. నేను సచ్చినపొద్దు అదే పాడాలని పిల్లోళ్లకు చెప్పిండా. ఇప్పుడొచ్చి ఇమ్మంటే ఎట్లప్పా?"

నబీ సాబ్ జీవితమంతా బేరాలు ఆడినవాడు, న్యాయమైన బేరం వినగానే తెలుస్తుంది. మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. దాదాబీ ముఖం ఎలా చూడాలో తెలియలేదు. ఉత్త చేతులతో ఇంటికి పోవడమంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా తనకు ఇంతవరకూ తెలియదనిపించి సిగ్గేసింది.

"అయితే చివర నీ పేరే ఉండనీ," అన్నాడు గ్లాసు కింద పెట్టి. "పాటలో ఆ ఇల్లాలికి పేరు లేదు గదా. ఆమెకొక పేరు పెట్టుకుంటా. అట్ల అచ్చేయనీ."

"ఎవరి పేరు?"

"మా ఇంట్లో ఆమెది. ఆ ముంత ఆమెదే అన్నా."

పెద్దన్న తల తిప్పి ఆయన్ని చూశాడు. పన్నెండేళ్లు పాడిన మనిషి. అది కల్పించిన కథే అనుకున్నాడు. తన కొర్రల సంచి ఆ ఉత్త ముంత ఉన్న ఇంటికే చేరిందని ఇప్పుడు తెలిసింది. మంచం కిందికి చెయ్యి పెట్టి చెక్కలు తీశాడు. వంకరపోయిన వేళ్లకు ఎలాగో తగిలించుకుని, మెల్లగా తాళం వేస్తూ పాడాడు.

"ముంత మీద కొంగు కప్పి ఇల్లు చేరె దాదాబీ, ఉత్త ముంత మోసి తెచ్చి ఉట్టి మీద పెట్టెను..."

తాళం దెబ్బ ఎక్కడా తప్పలేదు. సుబ్బరత్నమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, కొత్త మాట విని మామ వంక వింతగా చూసింది.

"కుదిరింది," అన్నాడు పెద్దన్న. "వేసుకో. మా పిల్లోళ్ల నోటికి పాతదే పడిపోయింది, మారుస్తారో లేదో చెప్పలేను."

"నువ్వు పాడితివి గదా. అది చాలన్నా," అన్నాడు నబీ సాబ్. ఆయన కళ్లు తడిశాయి. దాచుకోలేదు.

పామిడి చేరేసరికి పొద్దు వాలుతోంది. బస్టాండు వెనక రేకుల షెడ్డులో ప్రెస్సు. కంపోజిటరు ఆంజినప్ప మొదటి పుస్తకం నుంచీ నబీ సాబ్ పుస్తకాలు కూరుస్తున్నవాడు. ఆయన చేతిరాత అర్థమయ్యేది లోకంలో ఇద్దరికే, ఒకరు ఆయన, రెండోవాడు ఆంజినప్ప. చివరి పేజీ పాట కాగితం మీద రాసి ఇచ్చి, నబీ సాబ్ కాగితం రీముల మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. ప్రూఫు వచ్చేదాకా అక్కడ కునుకు తీయడం ఆయనకు అలవాటే.

ఆంజినప్ప అక్షరాలు ఏరుతూ ఒక చోట ఆగాడు. "ఇది పెద్దన్న పాట గదా సాబన్నా? మద్దెలో అక్క పేరొచ్చిందే?"

"ఆయమ్మదే. కూర్చు."

పేజీ కట్టి, సిరా రుద్ది, ప్రూఫు తీసి ఇచ్చాడు. నబీ సాబ్ కాగితాన్ని కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని వేలు జరుపుతూ చదివాడు. ఎప్పుడూ కనీసం రెండు తప్పులు పట్టేవాడు. ఈసారి ఒక్కటీ పట్టలేదు. "బాగుండాది ఆంజినప్పా, ఇట్లే కొట్టు," అని కాగితం ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆంజినప్ప ఎవరిదో పెళ్లి పత్రిక మొదలుపెట్టి, వధువు తాత పేరు దాకా కూర్చాక, షెడ్డు మూసే వేళయిందని లేపడానికి వచ్చాడు. భుజం మీద చెయ్యి వేసేసరికి ఒళ్లు చల్లబడి ఉంది.

పుస్తకం నలభై రోజుల తర్వాత వచ్చింది, గులాబీ రంగు అట్టతో. ఆంజినప్ప పది ప్రతులు కట్టకట్టి దాదాబీ ఇంటికి తెచ్చి, వాకిట్లోనే కూర్చుని చివరి పేజీ చదివి వినిపించాడు. ఆమె చెవులు రిక్కించి విన్నది.

"ఆయప్ప పేరు యాడుండాది?"

"లేదక్కా. చివర పెద్దన్న పేరే. నీ పేరుండాది."

"అయ్యో, ఇంతకాలం అది ఎవరి ముంతో ఎవరికీ తెలియకపోయ," అంది దాదాబీ. "మళ్లా నన్నడక్కుండానే ఊరికంతా చెప్పేసినాడు సూడు." తిట్టబోయిన మనిషి తిట్టలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అంత్యక్రియల రోజు కూడా రానంత ఏడుపు ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, ఆ ముక్క ఇంకొకసారి చదవమంది. ఆంజినప్ప చదివాడు.

లేచి వెళ్లబోతూ అతను చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. అచ్చయ్యాక సీసపు అక్షరాలన్నీ విప్పి వేటి గూట్లో వాటిని వేయడం ప్రెస్సు పద్ధతి. పొట్లంలో ఉన్నవాటిని మాత్రం వేయబుద్ధి కాలేదనీ, యజమానికి చెప్పలేదనీ అన్నాడు. దాదాబీకి చదువు రాదు, వచ్చినా అచ్చు అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. ఆమె పొట్లం విప్పి, అందులో ఉన్న వరసలోనే వాటిని గోడ గూట్లో నిలబెట్టింది. సిరా మరక పోని మూడు సీసపు ముక్కలు, దా, దా, బీ.